పాత పార్టును పారేయకండి

ఆటోమేటిక్ గేట్ల విడిభాగాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే మాటతో ముగిశాయి: "ఏ పార్టు కొనమంటారు?" ఆ మాటకు జవాబు చెప్పేముందు నేను మరో మాట అడుగుతాను. పాత పార్టు మీ దగ్గర ఉందా? ఉంటే అది ఎలా పోయింది? కాలిందా, అరిగిందా, విరిగిందా, నీరు తాగిందా?

22 ఏళ్లుగా విజయవాడలో గేటు మోటార్లు బిగిస్తున్నాను, బాగుచేస్తున్నాను. అంతకు ముందు తెనాలిలో మా నాన్నగారి వైండింగ్ షాపులో పని నేర్చుకున్నాను. రైతులు కాలిపోయిన బోరు మోటార్లు ఎడ్లబండి మీద తెచ్చేవారు. మోటారు విప్పగానే కాలిన వార్నిష్ వాసన షాపంతా నిండేది. నాన్న మాత్రం తీగ జోలికి వెళ్లకుండా ముందు బేరింగును రెండు వేళ్లతో తిప్పి చూసేవారు. అది పట్టేస్తూ తిరిగితే, "తీగ తనంతట తాను కాలలేదు, దాన్ని ఈ బేరింగే కాల్చింది" అనేవారు. ఆ బేరింగు మార్చనిదే కొత్త తీగ చుట్టేవారు కాదు. గేటు మోటార్ల దగ్గర కూడా నేను అదే పద్ధతి పాటిస్తున్నాను. కింది జవాబులన్నీ ఆ పద్ధతిలోనే ఉంటాయి.

ప్రశ్న: మాది పక్కకు జరిగే గేటు. మోటారు పెట్టి ఏడేళ్లయింది. వారం రోజులుగా బటన్ నొక్కితే మోటారు గుంయ్‌మంటోంది గాని గేటు కదలడం లేదు. చేత్తో కొంచెం తోస్తే అక్కడి నుంచి బాగానే వెళుతోంది. చూసిన మెకానిక్ మోటారు మొత్తం మార్చాలన్నారు. నిజమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మోటారు మార్చకండి. చేత్తో తోస్తే వెళుతోందని మీరే రాశారు. వైండింగ్ కాలిపోయిన మోటారు సాధారణంగా ఎవరు తోసినా అలా పరుగెత్తదు. మీ కెపాసిటర్ బలహీనపడి ఉంటుంది. సీలింగ్ ఫ్యానుకు ఉండే కండెన్సర్ లాంటిదే ఇదీ. ఇంటి కరెంటుతో నడిచే సింగిల్ ఫేజ్ మోటారుకు తనంతట తాను కదిలే శక్తి ఉండదు. రెండో తీగచుట్టకు కరెంటును కొంచెం ముందువెనుకలు చేసి, మొదటి తోపు ఇచ్చేది ఈ కెపాసిటరే. అది నీరసించినప్పుడు ఆ తోపు మీరు చేత్తో ఇస్తున్నారు.

కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి. దాని మీద రెండు అంకెలుంటాయి. ఒకటి మైక్రోఫారడ్లు. గేటు మోటార్లలో 10, 12.5, 16, 20 లాంటి విలువలు కనిపిస్తాయి. ఈ అంకె పాతదానితో సరిపోవాలి. తగ్గితే గేటును లాగే బలం చాలదు. "ఎక్కువ వేస్తే బలం ఎక్కువ వస్తుంది" అని కొందరు పెద్దది వేస్తారు. అప్పుడు రెండో చుట్టలో కరెంటు పెరిగి, నిజంగానే మోటారు కాలుతుంది. రెండో అంకె వోల్టులు. 450 అని ఉంటే 450 గాని అంతకంటే ఎక్కువ గాని తీసుకోవచ్చు, తక్కువది మాత్రం వద్దు. నీటి మోటార్లకు స్టార్టింగ్ కోసం వాడే నల్లటి డబ్బా రకం కొన్ని సెకన్ల పనికే పుట్టింది. మీ గేటుకు మోటారు తిరిగినంతసేపూ లైనులో ఉండే రన్నింగ్ రకమే కావాలి.

పాతది నిజంగా పోయిందో లేదో తెలియాలంటే కెపాసిటీ కొలిచే మీటరు ఉన్న షాపులో పెట్టించండి. 16 అని రాసి, పక్కన 5 శాతం తేడా అని ఉంటే 15.2కు తగ్గకూడదు. ఈ రకం గుంయ్ శబ్దంతో నా దగ్గరికి వచ్చినవి 11, 9 చూపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. విప్పేవారికి ఒక హెచ్చరిక: మెయిన్ ఆపాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండవచ్చు. హోల్డరుకు బిగించిన పాత ఫిలమెంట్ బల్బు తీగలను దాని రెండు కొసలకూ ఒకసారి తాకించాకే చేయి పెట్టాలి.

ఇంతటితో వదిలేస్తే మళ్లీ రెండేళ్లకు ఇదే ఉత్తరం రాస్తారు. తాళంచెవితో మోటారు పట్టు విడిపించి, గేటును చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తోసి చూడండి. నేనైతే సామాను తూచే కొక్కెం కాటాను గేటుకు తగిలించి లాగుతాను. 400 కిలోల గేటు చక్రాలు బాగుంటే 10, 12 కిలోల లాగుడుకు కదులుతుంది. కాటా 25 చూపిస్తే, కెపాసిటర్‌ను అలసగొట్టింది ఆ చక్రాలే. మీ గేటు బరువెంతో నాకు తెలియదు గాని, మీరు ఒంటిచేత్తో తోయలేకపోతే అది మోటారుకు కూడా భారమే.

ప్రశ్న: రెండేళ్లలో మూడుసార్లు మోటారు పళ్లచక్రం పోయింది. ఈసారి గేటుకున్న పళ్లపట్టీ (రాక్) కూడా మార్చమంటున్నారు. నైలాన్‌దా, ఇనుపదా? దుకాణంలో కొలత ఎలా చెప్పాలి? మోటారు పెట్టిన ఏడాదికి గేటుకు డిజైన్ రేకు కూడా వేయించాం.
– గాజువాక, విశాఖపట్నం

జవాబు: కొలత ముందు చెబుతాను, అది తేలిక. రాక్‌కు, పళ్లచక్రానికి కుదరాల్సింది పళ్ల పరిమాణం చెప్పే "మాడ్యూల్" అనే అంకె. స్కేలు తీసుకుని రాక్ మీద ఒక పంటి అంచు నుంచి మొదలుపెట్టి పదో పన్ను దాటి పదకొండో పంటి అదే అంచు దాకా కొలవండి. 125 లేదా 126 మిల్లీమీటర్లు వస్తే అది మాడ్యూల్ 4. ఇళ్ల గేట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. 188 దగ్గరికి వస్తే మాడ్యూల్ 6, బరువైన ఫ్యాక్టరీ గేట్లది. కంటికి రెండూ ఒకేలా కనిపించినా ఒకదాని పళ్లలో మరొకటి కూర్చోదు. మీ మూడు చక్రాల్లో ఒక్కటైనా మాడ్యూల్ తప్పిందేమో పాతవి ఉంటే కొలవండి. చక్రానికి పళ్ల సంఖ్య, నడుమ రంధ్రం వ్యాసం, తాళపు గాడి (చక్రం ఇరుసు మీద జారకుండా పట్టే గాడి) కూడా పాతదానిలాగే ఉండాలి. పళ్లు ఎక్కువున్న చక్రం వేస్తే గేటు వేగంగా వెళుతుంది గాని లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. వేగం పెరిగిన గేటు మనుషులను తగిలే వేగం కూడా పెరుగుతుంది.

నైలాన్ రాక్‌లో లోపల ఉక్కు పట్టీ ఉంటుంది. చప్పుడు తక్కువ, సముద్రపు గాలికి తుప్పు పట్టదు. ఎంత బరువు గేటుకు పనికివస్తుందో ప్యాకెట్ మీద ఉంటుంది. మీ గేటు ఆ బరువులోపే ఉంటే, గాజువాక గాలికి నేను నైలాన్‌నే ఎంచుకుంటాను. బరువు దాటితే జింకు పూత ఉన్న ఉక్కు రాక్ వేయండి. ఏది వేసినా దాని పళ్లకు గ్రీజు పూయకండి. ఇసుక వచ్చి దానికి అతుక్కుంటే ఆ ముద్ద ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది.

ఇక మీ అసలు జబ్బు ఉత్తరం చివర ఉంది. రేకు వేయించామన్నారు. లెక్క కట్టి చూడండి. ఒక మిల్లీమీటరు మందం ఇనుప రేకు చదరపు అడుగుకు సుమారు 730 గ్రాములు తూగుతుంది. గేటు 14 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు అనుకుంటే 70 చదరపు అడుగులు. 3 మిల్లీమీటర్ల రేకు అయితే 150 కిలోల పైమాటే. డిజైన్ కోసం కోసేసిన ముక్కలు పోయినా వంద కిలోలు తప్పదు. మోటారును ఎంచుకున్నప్పుడు ఈ వంద కిలోలు లేవు. కింది చక్రాలు కూడా ఈ బరువు కోసం వేసినవి కావు.

కింది చక్రం అరిగితే గేటు ఒక్కో మిల్లీమీటరు కిందికి దిగుతుంది. రాక్‌కు, మోటారు పళ్లచక్రానికి మధ్య ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి. ఆ సందు ఎందుకంటే, గేటు బరువు చక్రాల మీదే ఉండాలి, మోటారు మీద పడకూడదు. గేటు దిగినకొద్దీ సందు మాయమై, గేటంతా వచ్చి మీ పళ్లచక్రం మీద కూర్చుంటుంది. గేటు దగ్గరికి వెళ్లి ఒక పని చేయండి. రాక్ పళ్లకు, చక్రం పళ్లకు మధ్య పాత పోస్టుకార్డు దూర్చి, గేటు పొడవునా ఒక్కో అడుగుకు చూడండి. ఎక్కడ కార్డు నలిగిపోతుందో అక్కడే పళ్లు తెగుతున్నాయి.

కాబట్టి ముందు కింది చక్రాలు మార్చండి. చక్రం గాడి, కింది పట్టా ఆకారం రెండూ కలవాలి. గుండ్రటి కడ్డీ పట్టాకు యూ గాడి, కోణపు పట్టాకు వీ గాడి. బేరింగు అంచు మీద 6203, 6204 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. 6203 అంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు, ఏ కంపెనీదైనా ఇదే. మీ ఊరికి నంబరు వెనుక 2ఆర్‌ఎస్ అని ఉన్నదే అడగండి. రెండు వైపులా రబ్బరు సీలు ఉండి ఉప్పునీటిని, ఇసుకను లోపలికి రానివ్వదు. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత, సముద్రం దగ్గర అది చాలదు.

చక్రాలయ్యాకే రాక్. రెండు రాక్ ముక్కలు కలిసే చోట చాలామంది పొరపాటు చేస్తారు. కొసకు కొస ఆనించి బిగిస్తే అక్కడ పళ్ల దూరం తప్పుతుంది. మూడో ముక్కను తలకిందులుగా అతుకు మీద పెట్టి, దాని పళ్లు రెండు ముక్కల్లోనూ నిండుగా కూర్చున్నాకే నట్లు బిగించమనండి. గేటు వెళ్లేటప్పుడు మీటరుకొకసారి "టక్" అని వినిపిస్తుంటే ఆ అతుకు తప్పిందని అర్థం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గేటుకు రెండు స్తంభాల మీదున్న కళ్ల లాంటి సెన్సర్లలో ఒకటి పోయింది. మెకానిక్ మోటారును నడిపించే బోర్డులో రెండు పిన్నుల మధ్య చిన్న వైరు ముక్క కలిపారు. ఇప్పుడు గేటు చక్కగా పనిచేస్తోంది. మళ్లీ సెన్సర్లకు డబ్బు పెట్టడం అవసరమా అని సభ్యులు అడుగుతున్నారు.
– అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, గుంటూరు

జవాబు: కార్యదర్శి గారూ, ఇది చదివిన వెంటనే కిందికి వెళ్లి గేటు మోటారు మెయిన్ ఆపండి. కొత్త సెన్సర్లు వచ్చేదాకా వాచ్‌మన్ చేత్తో తీసి వేస్తారు. తరువాతే మిగతా జవాబు చదవండి.

తొమ్మిదేళ్ల కిందట ఆ వైరు ముక్క నేనే వేశాను. ఒక ఇంట్లో సెన్సరు పోయింది. జత రావడానికి రెండు రోజులు పడుతుంది. ఇంటాయనకు ఆ సాయంత్రమే గేటు కావాలి. "రెండు రోజులే కదా" అని ఎర్ర వైరు ముక్క, అంగుళంన్నర ఉంటుంది, రెండు పిన్నుల్లో బిగించి స్క్రూ తిప్పాను. మరుసటి సాయంత్రం వాళ్ల పాప గేటు ముందు సుద్దముక్కతో గళ్లు గీసి తొక్కుడు బిళ్ల ఆడుతోంది. బిళ్ల జారి గేటు దారిలోకి వెళ్లింది. లోపలి నుంచి ఎవరో రిమోట్ నొక్కారు. పాప వంగి బిళ్ల అందుకుంటుంటే గేటు వచ్చి మోచేతిని స్తంభానికి అదిమింది. సెన్సరు కిరణం ఉండి ఉంటే పాప వంగిన క్షణంలోనే గేటు ఆగి వెనక్కి వెళ్లేది. ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మీరు చెప్పలేదు కదండీ" అని మాత్రం ఆ తండ్రి అన్నారు. నిజమే, నేను చెప్పలేదు. ఆ తరువాత ఎవరు ఎంత తొందరపెట్టినా ఆ పని చేయలేదు, నా దగ్గర పని నేర్చుకునే పిల్లలను చేయనివ్వలేదు.

ఆ రెండు పిన్నుల మధ్య సెన్సరు లోపలి స్విచ్ ఉంటుంది. కిరణం అందుతున్నంతసేపూ అది కలిసి ఉంటుంది, అడ్డు వస్తే విడిపోతుంది. వైరు కలిపేస్తే బోర్డుకు దారి ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే గేటు "చక్కగా" పనిచేస్తోంది. దానికి కళ్లు లేవు.

యూరప్‌లో ఈఎన్ 12453 అనే ప్రమాణం ఉంది. మూసుకునే గేటుకు, స్తంభానికి మధ్య సందు 50 నుంచి 500 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు గేటు అంచు మనిషిని నొక్కే బలం 400 న్యూటన్లు దాటకూడదంటుంది. అంటే దాదాపు 40 కిలోల బరువు. అదీ ముప్పావు సెకనులో 150 న్యూటన్ల లోపుకు దిగాలి. మన గేట్లకు ఆ కొలత తీసి చూసేవారు అరుదు. పైగా చక్రాలు బిగుసుకున్న గేటు కదలడం లేదని బోర్డులో గేటు బలం పెంచే స్క్రూను చివరిదాకా తిప్పేస్తారు. కళ్లు లేని గేటుకు ఆ బలం కూడా తోడైతే ఏమవుతుందో నేను చూశాను.

సెన్సర్లు జతగా మార్చండి. ఒక స్తంభం మీదిది కిరణం పంపుతుంది, రెండోది అందుకుంటుంది. వేరే కంపెనీ ముక్కతో పాత ముక్కను జత చేస్తే ఒకసారి పట్టి, ఒకసారి పట్టక బాధిస్తుంది. కొనేముందు మూడు విషయాలు రాసుకోండి: బోర్డు ఇచ్చే వోల్టేజి (12 లేదా 24, ఏసీనా డీసీనా), దారి వెడల్పు, అడ్డు వస్తే విడిపోయే స్విచ్ రకమేనా అన్నది. పెట్టె మీద 10 మీటర్ల దూరం అని ఉంటే దాన్ని 10 మీటర్ల దారికి వాడకండి. వానకు, దుమ్ముకు ఆ దూరం తగ్గుతుంది. 6 మీటర్ల దారికి అది హాయిగా సరిపోతుంది. ఎత్తు నేల నుంచి అర మీటరు దగ్గర ఉంచండి. మీది అపార్ట్‌మెంట్, పిల్లలు ఎక్కువ, కాబట్టి ఇంకో జత పెడితే ఇంకా మంచిది.

అందుకునే ముక్క పడమర ముఖంగా ఉంటే సాయంత్రపు ఎండ దాని కంట్లో పడి పని చెడగొడుతుంది. రెండింటినీ అటూఇటూ మార్చి బిగిస్తే సరిపోతుంది. ఇలా ఎండకు తడబడిన సెన్సర్లను "పోయాయి" అని పారేసిన ఇళ్లు చాలా చూశాను. సాలెగూడు, కందిరీగల గూడు కూడా ఇదే పని చేస్తాయి. అందుకే మీ పాత జతను ఒకసారి మెత్తటి బట్టతో తుడిచి, సరిగ్గా ఎదురెదురుగా తిప్పి చూసి, అప్పుడు కొనండి. బిగించాక నెలకొకసారి గేటు మూసుకుంటుండగా చీపురుకట్టను కిరణానికి అడ్డుపెట్టి, అది ఆగి వెనక్కి వెళుతోందో లేదో వాచ్‌మన్ చేత చూపించండి.

ప్రశ్న: గేటు రిమోట్ ఒకటి పోయింది. ఏ రిమోట్‌నైనా కాపీ చేసే చవక రిమోట్లు దొరుకుతున్నాయట. అవి కొనవచ్చా?
– కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: మీ రిమోట్ ఏ రకమో తేలాలి. కొన్ని రిమోట్లు ఎన్నిసార్లు నొక్కినా ఒకే సంకేతం పంపుతాయి. కాపీ రిమోట్ దాన్ని విని, నేర్చుకుని, అలాగే పలుకుతుంది. రెండో రకం రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ కొత్త సంకేతం, పాతదాన్ని గేటు దగ్గర సంకేతం అందుకునే రిసీవర్ మళ్లీ ఒప్పుకోదు. దాన్ని చవక కాపీ రిమోట్ నేర్చుకున్నట్టు నటిస్తుంది గాని గేటు తెరవదు. దీనికి అదే రకానికి చెందిన రిమోట్ కొని రిసీవర్‌కు నేర్పించాలి. మన దగ్గర ఎక్కువ రిమోట్లు 433.92 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. వెనుక అట్ట మీద ఆ అంకె చూసుకోండి.

మీ రిమోట్ సులువుగా కాపీ అయ్యే రకమైతే, మీ వీధిలో నిలబడి ఎవరైనా దాన్ని కాపీ చేయగలరు కూడా. వీలుంటే రోలింగ్ కోడ్ రిసీవర్, దాని రిమోట్లు వేయించండి. పాత బోర్డుకు కూడా బయట అదనంగా రిసీవర్ తగిలించవచ్చు, బోర్డు మార్చనక్కర్లేదు.

ఇంకో సంగతి. పోయిన రిమోట్ ఇంకా మీ గేటు తెరుస్తుంది. రిసీవర్ జ్ఞాపకం మొత్తం చెరిపి, చేతిలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా మళ్లీ నేర్పించండి.

దగ్గరికి వెళితేనే రిమోట్ పనిచేస్తోందన్న ఫిర్యాదుకు ముందు బ్యాటరీ మార్చండి. తరువాత రిసీవర్ నుంచి వచ్చే యాంటెన్నా తీగ చూడండి. 433 మెగాహెర్ట్జ్ రిమోట్‌కు అది దాదాపు 17 సెంటీమీటర్లుండాలి. ఎవరో అడ్డంగా ఉందని కత్తిరించి ఉంటారు.

ప్రశ్న: రెండు వానాకాలాల్లో రెండు బోర్డులు పోయాయి. మూడోది ఒరిజినల్ కొనాలా, అన్ని మోటార్లకూ సరిపోయే రకం కొనాలా?
– రాజమహేంద్రవరం

జవాబు: మూడోది కొనేముందు రెండు పాత బోర్డులనూ ఎండలో పెట్టి భూతద్దంతో చూడండి. కరెంటు తీగలు వచ్చే చోట నీలం రంగు బిళ్ల ఒకటి ఉంటుంది. అది నల్లబడి పగిలి ఉంటే పిడుగు వల్లో, లైనులో వోల్టేజి ఎగిసిపడడం వల్లో పోయింది. ఆ బిళ్ల తాను చచ్చి బోర్డును కాపాడే వస్తువు. దాని మీద 14డి471 లాంటి గుర్తు ఉంటుంది. 14 అంటే బిళ్ల వ్యాసం మిల్లీమీటర్లలో, 471 అంటే 47 పక్కన ఒక సున్నా, 470 వోల్టులు. అదే గుర్తున్న బిళ్ల, దాని పక్కన గాజు ఫ్యూజ్ మారిస్తే కొన్ని బోర్డులు లేచి కూర్చుంటాయి. ఫ్యూజ్ మీద టీ అని ఉంటే నిదానంగా తెగే రకం, ఎఫ్ అని ఉంటే వెంటనే తెగేది. ఉన్నదే వేయాలి. రాగి తీగ పోగు చుట్టారంటే ఈసారి ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

అలా కాకుండా బోర్డు మధ్యలో రెండు పిన్నుల నడుమ నల్లటి మచ్చ, పక్కన ఎండిన తోక కనిపిస్తే బల్లి. వానకాలంలో వెచ్చదనం కోసం పెట్టెలో దూరుతుంది. చీమలు మట్టి తెచ్చి రిలేల (కరెంటు కలిపే చిన్న స్విచ్‌ల) చుట్టూ పుట్ట పెడతాయి, ఆ మట్టి తడిస్తే కరెంటు దారి తప్పుతుంది. గోదావరి పక్క ఊళ్లలో నేను విప్పిన పెట్టెల్లో పిడుగు కంటే ఎక్కువగా కనిపించింది ఈ జీవాలే. తీగలు వచ్చే రంధ్రాలకు రబ్బరు గ్లాండ్లు (తీగను బిగుతుగా పట్టే మూతలు) బిగించండి. వాడని రంధ్రం మూసేయండి. కింది గొట్టం నోరు కూడా మూయాలి, నేలలోని తేమ ఆ గొట్టంలో నుంచే పైకి వస్తుంది. పిడుగే అయితే ఎర్తింగ్ చూపించి, మెయిన్ బోర్డులో ఎగిసిన వోల్టేజిని ఆపే సర్జ్ రక్షణ పెట్టించండి.

ఒరిజినలా, అన్నిటికీ సరిపోయేదా అన్నది మోటారును బట్టి ఉంటుంది. 230 వోల్టుల ఏసీ మోటారు, గేటు కొసకు రాగానే మోటారును ఆపే మామూలు లిమిట్ స్విచ్‌లు అయితే సాధారణ బోర్డు చక్కగా నడుస్తుంది. మోటారు వాట్లు, లిమిట్ స్విచ్ ఎప్పుడూ కలిసి ఉండే రకమా విడిగా ఉండే రకమా, సెన్సర్లకు ఎంత వోల్టేజి ఇస్తుంది, ఇవి సరిపోల్చుకుంటే చాలు. 24 వోల్టుల డీసీ మోటారు, లోపల తిరిగిన చుట్లు లెక్కపెట్టే ఎన్‌కోడర్ ఉంటే ఒరిజినల్ తప్ప వేరే దారి లేదు. ఆ లెక్కను చదవడం పరాయి బోర్డుకు రాదు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. అక్కడ గేటు మోటార్ల సామాను బాగుంటుందని బోర్డు, రిమోట్లు పంపిస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?
– నెల్లూరు

జవాబు: వద్దండి. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 120 వోల్టులకే చేసిన బోర్డు తగిలించిన క్షణంలో కాలుతుంది. అక్కడి గేటు రిమోట్లు చాలావరకు 315, 390 మెగాహెర్ట్జ్ లాంటి చోట్ల పలుకుతాయి, మన రిసీవర్‌కు వినబడవు. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి అనుమతి ఉన్నవాటిలో 433 మెగాహెర్ట్జ్ దగ్గర, 865 దగ్గర ఉన్న ఫ్రీక్వెన్సీ పట్టీలున్నాయి. అబ్బాయిని మంచి మీటరు ఒకటి పంపమనండి, కెపాసిటర్ కొలిచేది. అది ఇక్కడ కూడా అలాగే పనిచేస్తుంది.

ప్రశ్న: మాది 24 వోల్టుల మోటారు, లోపల రెండు బ్యాటరీలు. కరెంటు పోతే గేటు సగంలో ఆగుతోంది. ఒక బ్యాటరీ బాగుందని, ఒకటే మార్చమని షాపులో అన్నారు.
– కరీంనగర్

జవాబు: రెండూ మార్చండి. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిస్తేనే 24 అవుతుంది. కొత్తది, పాతది కలిపి కడితే చార్జింగ్ అయ్యేటప్పుడు ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ అందుతుంది. ఆరు నెలల్లో కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది. ఒకే కంపెనీ, ఒకే నెలలో తయారైన జత అడగండి. సాధారణంగా ఉండేది 7 ఆంపియర్ అవర్ రకం, 151 మిల్లీమీటర్ల పొడవు, 65 వెడల్పు, 94 ఎత్తు. పైనున్న రేకు కొసల వెడల్పు చూడండి, 4.8 మిల్లీమీటర్లవి, 6.3 మిల్లీమీటర్లవి రెండు రకాలున్నాయి. తేడా ఉన్నచోట తీగను నొక్కి కూర్చోబెడితే వదులై, వేడెక్కి కరుగుతుంది.

మీ ఊరి ఎండ గురించి కూడా చెప్పాలి. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీలకు లెక్కగట్టింది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు అది సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో పడమటి ఎండ తగిలే మోటారు పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో మూత మీద చేయి పెడితే తెలుస్తుంది. పెట్టెకు అడుగు ఎడంగా చిన్న రేకు నీడ వేయించండి.

బ్యాటరీలు వచ్చేదాకా మోటారు పట్టు విడిపించే తాళంచెవి వాడుకోండి. చాలా ఇళ్లలో ఆ చెవి బీరువాలో, వాడకం పుస్తకంతో పాటు కవరులోనే ఉండిపోతుంది. కరెంటు పోయిన రాత్రి, లోపల ఎవరికో ఒంట్లో బాగోలేనప్పుడు దాని కోసం వెతకాల్సి వస్తుంది. రెండో చెవి చేయించి, గేటు లోపలి వైపు అందరికీ తెలిసిన చోట మేకుకు తగిలించండి. ఇంట్లో ప్రతి ఒక్కరి చేత ఒకసారి తిప్పించి చూడండి.